మూడో అంతస్తుకు గీసిన నాలుగు గళ్లు

జూన్ నెల మొదటి ఆదివారం, ఉదయం. స్థలం: ముంబై కామాటిపురలో మా చాల్ (వరస గదుల పాత మేడ), మూడో అంతస్తు గ్యాలరీ.

హాజరైనవారు: బ్యాంకు ఆఫీసరు (మా జట్టు నాయకుడు), మందుల కంపెనీలో పనిచేసే మరాఠీ అమ్మాయి (జట్టు సభ్యురాలు), నేను (జట్టు సభ్యుణ్ణి, ఈ చాల్‌లోనే పుట్టినవాణ్ణి), మా అక్క (చివరి గది), పగలగొట్టిన సండాసు తాలూకు ఇటుకల కుప్ప.

రానివారు: మా అంతస్తులో మిగతా అందరూ. ఇళ్లలోనో మెట్ల మీదో ఉన్నారు.

ఆనాటి నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఇటుకల కుప్పను హాజరైనవారిలో ఎందుకు చేర్చానో గుర్తులేదు. ఇప్పుడు చదువుకుంటే మాత్రం, ఆ ఉదయం మా అందరిలో ఏం చేయాలో స్పష్టంగా తెలిసింది దానికొక్కదానికే అనిపిస్తుంది. అది కదలదలచుకోలేదు.

ఈ కాలపు పిల్లలు మేనేజ్‌మెంట్ కోర్సుల్లో చేరుతున్నారు. చేరండి. నేనూ చేరాను, రిటైర్మెంట్‌కు కొద్దిగా ముందు, జుట్టంతా తెల్లబడ్డాక. మీకు పనికొస్తుందో లేదో గాని, ఆ కోర్సులో నేను చేసిన ఒకే ఒక్క ప్రాజెక్టు సంగతి రాసిపెడుతున్నాను.

నేను పనిచేసింది ఒక భవన నిర్మాణ కంపెనీలో. టైంకీపరుగా చేరి, చివరికి ప్లానింగ్ విభాగంలో తేలాను. ఏ రోజు ఏ అంతస్తు మీద ఎంతమంది కూలీలు కావాలి, సిమెంటు ఎప్పుడు దిగాలి అని ముందుగా రాసిపెట్టడం నా ఉద్యోగం. అలా రాసిపెట్టింది ఎందుకు జరగలేదో తర్వాత రాసిపెట్టడం కూడా నా ఉద్యోగమే. రెండో పనే ఎక్కువగా ఉండేది. ఇలా ఉండగా, ప్లానింగ్ చేసేవాళ్లకు పోస్ట్ గ్రాడ్యుయేట్ చదువు ఉంటేనే పని ఇస్తానని ఒక పెద్ద క్లయింటు మెలిక పెట్టాడు. మా విభాగంలో డిగ్రీ ఉన్నది నాకొక్కడికే. నా కొడుకు వయసున్న మేనేజరు నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"సార్, మీకు అంతా వచ్చు. వచ్చని చెప్పే కాగితమే లేదు" అన్నాడు.

ఆ కాగితం కోసం శని, ఆదివారాలు దాదర్‌లో ఒక ఏసీ గదిలో కూర్చున్నాను. వ్యాపార నిర్వహణలో పోస్ట్ గ్రాడ్యుయేట్ కోర్సు, అందులో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ముఖ్య విషయం. మా ప్రొఫెసరు జీవితంలో ఒక్క గోడ కట్టించలేదు. ఆ మాట ఆయనే గొప్పగా చెప్పుకునేవారు. "గోడలు మేస్త్రీ చూసుకుంటాడు. నేను నేర్పేది మనుషులను నడపడం" అనేవారు. ఆయన నడిపిన మనుషులంతా ఆ ఏసీ గదిలో కుర్చీలకు అతుక్కుని కూర్చున్నవాళ్లే గనుక ఆ విద్య ఆయనకు ఎప్పుడూ ఎదురు తిరగలేదు.

నిజం చెప్పాలంటే కొన్ని మంచి విషయాలే నేర్పారు. ఒక పెద్ద పనిని చిన్న పనులుగా విడదీయడం, ఏది ఆగితే ఏది ఆగుతుందో గీతలు గీసి చూసుకోవడం, ఎదురయ్యే ఆపదలను ముందే ఊహించి రాసుకోవడం. ఇన్నేళ్లు నేను వేళ్ల మీద లెక్కపెట్టిందే వాళ్లు రంగుల గీతల్లో చూపించారు. వాళ్లదే శుభ్రంగా ఉంది.

చివరి టర్ములో ఒక నిజమైన ప్రాజెక్టు చేసి చూపించాలన్నారు. మా జట్టులో ముగ్గురం. నాయకుడు బ్యాంకు ఆఫీసరు. ముప్పై దాటినవాడు, ఎప్పుడూ ఇస్త్రీ నలగనివాడు. ఎవరు ఏం మాట్లాడినా "దీన్ని ఒక ఫ్రేమ్‌వర్కులో పెడదాం" అనేవాడు. రెండో సభ్యురాలు మందుల కంపెనీలో పనిచేసే మరాఠీ అమ్మాయి. రోజంతా డాక్టర్ల గుమ్మాల ముందు నిలబడే ఉద్యోగం కాబట్టి ఓపికమంతురాలు, తక్కువ మాట్లాడేది. మూడోవాణ్ణి నేను.

ప్రాజెక్టు నేనే చెప్పాను. మా మూడో అంతస్తు సండాసు. ముంబైలో తెలుగువాళ్లం కూడా మరుగుదొడ్డిని ఆ మరాఠీ మాటతోనే పిలుస్తాం. గ్యాలరీ చివర అంతస్తుకంతటికీ కలిపి ఉన్న ఆ దొడ్లు నేల కుంగి, గొట్టాలు పగిలి, తాళం పడ్డాయి. అందరూ రెండో అంతస్తుకు దిగి, అక్కడి వాళ్ల మొహాలు చూస్తూ వరసలో నిలబడాల్సి వచ్చేది. వయసులో ఉన్నవాళ్లకు అది విసుగు. మా అక్కకు మాత్రం ప్రాణసంకటం. ఆమె నాకంటే చాలా పెద్దది, చివరి గదిలో ఒంటరిగా ఉంటుంది. మోకాలు అరిగిపోయింది. మా చాల్ చెక్కమెట్లు వానాకాలంలో పాచి పట్టి జారతాయి. అవే మెట్ల మీద పోయిన ఏడాది వానల్లో ఒకసారి పడింది. ఈసారి పడితే లేవదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. కాబట్టి వానలు పట్టుకోకముందే సండాసు పూర్తి కావాలి. నా వరకు ప్రాజెక్టు లక్ష్యం అంతే. బ్యాంకు ఆఫీసరు రాసిన లక్ష్యం ఒకటిన్నర పేజీ వచ్చింది.

ఖర్చు మా కంపెనీ సేవానిధి భరిస్తానంది. చాల్ యజమాని తనకు అభ్యంతరం లేదన్నాడు. ఖర్చు తనది కానప్పుడు ఆయనకెప్పుడూ అభ్యంతరం ఉండదు. పని చేసే మేస్త్రీ దొరికాడు. అయితే మేస్త్రీ పగలగొడతాడు, కడతాడు, కిందికి మోయడు. మోత సంగతి మేం చూసుకుంటామని నేను ధైర్యంగా చెప్పాను. మా చాల్‌లో ఒక పద్ధతి ఉంది. మా తాతలు ఈ ఊరి మేడలు కట్టడానికి వచ్చిన కూలీలు. అందరిదీ అయిన పని వస్తే ఇంటికొక మనిషి వచ్చి తట్ట పట్టాలి. ఆడైనా మగైనా సరే, జీతం లేదు, పిలుపు లేదు. బయటి నుంచి కూలీలను పెట్టుకుంటే పరువు తక్కువ. నీళ్ల ట్యాంకు అలాగే ఎక్కించాం, కప్పు రేకులు అలాగే మార్చాం.

ఇది విని బ్యాంకు ఆఫీసరు మొహం వెలిగిపోయింది. "ఉచిత వనరులు!" అని రాసుకున్నాడు.

ఆ వారం క్లాసులో పాఠం స్టేక్‌హోల్డర్ల గురించి. అంటే, చేసే పనితో సంబంధం ఉన్న మనుషులు. వాళ్లను నాలుగు గళ్ల పట్టికలో పెట్టాలి. పని మీద ఎవరికి ఎంత అధికారం ఉంది, ఎవరికి ఎంత ఆసక్తి ఉంది అన్నది చూసి ఒక్కొక్కరిని ఒక్కో గడిలో వేయాలి. రెండూ ఎక్కువ ఉన్నవాళ్లను దగ్గరుండి చూసుకోవాలి. అధికారం మాత్రమే ఉన్నవాళ్లను సంతృప్తిగా ఉంచాలి. ఆసక్తి మాత్రమే ఉన్నవాళ్లకు సమాచారం ఇస్తూ ఉండాలి. రెండూ లేనివాళ్లను గమనిస్తే చాలు.

మా అంతస్తు మనుషులు జట్టులో నాకొక్కడికే తెలుసు. వాళ్లను గళ్లలో సర్దింది నేనే. నాకది భలే నచ్చిన పని. మొదటి గడిలో మా కంపెనీ, మా ప్రొఫెసరు, నేను. నేను తప్ప చాల్ మనుషులెవరూ లేరు. రెండో గడిలో శేట్. అతను అసలు శేట్ కాదు, మావాడే. మా అంతస్తులో మూడు ఖోలీలు, అంటే గదులు, సంపాదించి, ఒక దానిలో తానుంటూ, మిగతా రెండు పాలమూరు నుంచి వచ్చిన కూలీలకు అద్దెకిచ్చాక ఆ పేరు పడింది. తన గదిలో దొంగచాటుగా సొంత సండాసు కట్టించుకున్నాడు. కాబట్టి అధికారం ఎక్కువ, ఆసక్తి తక్కువ. మూడో గడిలో మా అక్క, మిగతా కుటుంబాలు, వాళ్లతో పాటు మున్సిపాలిటీలో క్లర్కుగా ఉంటూ మా బోనాల మండలి నడిపే సెక్రెటరీ. నాలుగో గడిలో అద్దెగదుల పాలమూరు కూలీలు. వాళ్లు చీకటితో పోయి చీకటి పడ్డాక వచ్చేవాళ్లు, వాళ్లకిక్కడ ఏం పట్టింపు అనుకున్నాను.

ప్రొఫెసరు పట్టిక చూసి మెచ్చుకున్నారు. మరుసటి పాఠం సమాచార పారదర్శకత. ప్రాజెక్టు పత్రాలు అందరికీ కనిపించేలా ఉంచాలన్నారు. బ్యాంకు ఆఫీసరు ఆ పట్టికను మరాఠీలోకి మార్పించి, నాలుగు రంగుల్లో పెద్ద ఫ్లెక్సీ కొట్టించి, మా అంతస్తు మెట్ల దగ్గర కట్టించాడు. ముంబైలో ఫ్లెక్సీ కడితే జనం ముందు చూసేది అందులో తమ పేరు ఎక్కడుందని. ఆ తర్వాత, తమ పేరుకు పైన ఎవరి పేరుందని.

ఇక్కడ మా వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఆషాఢంలో మా చాల్ నుంచి పోచమ్మకు బోనాలు వెళ్తాయి. మొదటి బోనం అంతస్తులో అందరికన్నా పెద్దామెది, అంటే మా అక్కది. మోకాలు పోయాక కూడా కుండ తలమీద పెట్టుకుని గల్లీ మలుపు దాకా నడుస్తుంది. అక్కడి నుంచి కుండను ఒళ్లో పెట్టుకుని టాక్సీలో వెళ్తుంది. ఆ టాక్సీ కూడా ఊరేగింపుకు ముందే నడవాలి. ఆమె వెనక రెండో బోనం శేట్ ఇంటిదా, సెక్రెటరీ ఇంటిదా అన్న తగాదా రెండేళ్లుగా తెగలేదు. వరసలో ఒక అడుగు వెనక పడిందని వియ్యపు మాటలు ఆపేసుకున్న కుటుంబాలు మాలో ఉన్నాయి. అలాంటి జనానికి మేం, ఎవరు ఏ గడిలో ఉన్నారో రంగులు వేసి చూపించాం.

ఫ్లెక్సీ కట్టిన సాయంత్రమే సెక్రెటరీ నా గుమ్మంలోకి వచ్చాడు.

"నాకు అధికారం తక్కువా? మండలి ఎవరు నడుపుతున్రు? నీ పక్కన కూసోబెట్టకుంటివి, సరే. ఆ శేట్ గాన్ని నా మీదికెళ్లి ఎక్కిస్తివి."

"అది మీద, కింద కాదయ్యా. అది సండాసు విషయంలో మాత్రమే."

"సండాసు విషయంల నాకు ఇజ్జత్ లేదంటవ్?"

శేట్ కూడా సంతోషించలేదు. తన పక్కన 'ఆసక్తి తక్కువ' అని ఉండడం చూసి, తన గదిలో ఉన్న దొంగ సండాసు సంగతి మున్సిపాలిటీకి చెప్పడానికే మేం అలా రాశామని అతనికి అనుమానం వచ్చింది. మా అక్కకు పక్కగది పిల్ల పట్టిక చదివి వినిపించింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే నేను గ్యాలరీలో కనపడగానే అక్క గుమ్మంలోంచి కేకేసేది.

"ఏం తమ్మీ, నాకు సమాచారం ఇచ్చుడే గద మీ పని! ఇయ్యాల ఏం సమాచారం?"

"శనివారం పగలగొడతారక్కా."

"నా మోకాలు సంగతి ఏ గడిల రాసినవ్?"

ఆపదల జాబితాలో మేం భూకంపం రాశాం, లారీల సమ్మె రాశాం, అంటువ్యాధులు రాశాం. మోకాలు రాయలేదు.

శనివారం మేస్త్రీ తన మనుషులతో వచ్చి సాయంత్రానికి పాత సండాసు అంతా పగలగొట్టాడు. ఇటుకలు, సున్నం పెళ్లలు, పగిలిన గొట్టాలు గ్యాలరీలో కుప్ప పోశాడు. సండాసు పక్కనే మా అక్క గది. కుప్ప సరిగ్గా ఆమె గుమ్మానికీ మెట్లకూ మధ్య పడింది. ఒక్క రాత్రే కదా, పొద్దున్నే ఇంటికొక మనిషి వస్తే మధ్యాహ్నానికి ఖాళీ అయిపోతుందనుకున్నాం. ప్లానులో అలాగే ఉంది.

ఆదివారం ఉదయం టెంపో వచ్చి కింద నిలబడింది. మేం ముగ్గురం గ్యాలరీలో నిలబడ్డాం. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. టీవీలు మోగుతున్నాయి. ఒక్క మనిషి రాలేదు. నేను ఇంటింటికీ వెళ్లాను. పిలుపు లేకుండా రావాల్సిన పనికి ఇల్లిల్లూ తిరిగి పిలవడం ఆ చాల్‌లో అదే మొదటిసారి.

ఒకామె చపాతీలు కాలుస్తూ తల తిప్పకుండా అంది: "సమాచారం ఇచ్చినవ్ గద కాకా. అందింది. ఇంక పో."

పాలమూరు కుర్రాళ్లు మెట్ల మీద పేకాడుకుంటున్నారు. మేడలు మోసి మోసి భుజాలు గట్టిపడ్డవాళ్లు. వాళ్లు లేస్తే చాలు, కుప్ప గంటలో దిగిపోతుంది. వాళ్లలో గడ్డం వాడు ముక్కలు కలుపుతూ నవ్వాడు.

"మమ్ముల గమనిస్తే చాలని రాసిండ్రంట గద కాకా. కూసోని గమనించుండ్రి."

"పోనీ, కూలి తీసుకుని చెయ్యండి" అన్నాడు బ్యాంకు ఆఫీసరు హిందీలో.

"కూలికైతే రేపు నాకా అడ్డా మీద దొరుకుతం సాబ్. ఇయ్యాల ఐతారం."

మరాఠీ అమ్మాయి అప్పటికే చున్నీ నడుముకు బిగించి ఒక తట్ట ఎత్తింది. బ్యాంకు ఆఫీసరు ఆమెను ఆపబోయాడు. నిర్వాహకులు చేతులతో పనిచేస్తే ప్రాజెక్టు మీద పట్టు పోతుందని ప్రొఫెసరు చెప్పారట. ఆమె అతని మొహం చూసి, తట్టతో దిగిపోయింది. నేనూ ఎత్తాను. మూడు అంతస్తులు దిగి ఎక్కేసరికి ఊపిరి ఆడలేదు. కుప్ప మీద చేతితో గీకినట్టు కూడా కనపడలేదు.

అప్పుడు అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నీళ్లు తాగవే అక్కా" అన్నాను.

"నిన్న సందేళ కాడికెళ్లి తాగలే. తాగితే యాడికి పోవాలె?"

"గదిలో మోరీ ఉంది కదా." స్నానానికీ అంట్లకూ ప్రతి గదిలో ఒక మూల ఉండే తూముగట్టు అది.

"దేవుని పటాల ముందర కూసోమంటవా? సిగ్గు లేదా నీకు?"

అప్పటికి ఒక రాత్రీ సగం పూటా గడిచాయి. బయట ఎండ మండిపోతోంది. డెబ్భై దాటిన మనిషి. నేను మళ్లీ తట్ట ఎత్తాను. బ్యాంకు ఆఫీసరుకు కూడా ఏదో చెయ్యాలనిపించింది. అతనికి తెలిసిన పని అతను చేశాడు. ఫ్లెక్సీ విప్పించి, వెనక్కి తిప్పి, మరాఠీ అమ్మాయి చేత మార్కర్‌తో కొత్త పట్టిక రాయించాడు. నాలుగు గళ్లలో మూడు ఖాళీ. అంతస్తులోని ప్రతి గదీ మొదటి గడిలోనే. అందరికీ అధికారం ఎక్కువ, అందరికీ ఆసక్తి ఎక్కువ. దాన్ని మళ్లీ కట్టించాడు.

ఈసారి జనం బయటికి వచ్చారు. చదివారు. నవ్వు గ్యాలరీ ఈ చివర మొదలై ఆ చివరి దాకా పోయి తిరిగి వచ్చింది.

"అందరం పెద్దోళ్లమే అయినంక తట్ట ఎవలు మొయ్యాలె?" అన్నాడు సెక్రెటరీ. అతని పక్కన శేట్ కూడా నవ్వాడు. రెండేళ్లలో వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఆ కీర్తి మాత్రం మా జట్టుదే.

నవ్వి అందరూ మళ్లీ లోపలికి పోబోతున్నారు. అక్క గోడ పట్టుకుని కుప్ప దగ్గరికి నడిచింది.

"శేటూ! సెక్రెటరీ! జర ఆగుండ్రి." ఇద్దరూ ఆగారు. "నా ఎనుక బోనం ఎవరిదని రెండేండ్ల సంది కొట్లాడుతున్రు గద. ఇయ్యాల తేలుస్త. నేను ఒక తట్ట లేపుత. నా తర్వాత తట్ట ఏ ఖోలీలకెళ్లి లేస్తదో, ఈ ఆషాఢంల ఆ ఖోలీ బోనమే నా ఎనుక."

సెక్రెటరీ ముందు తేరుకున్నాడు.

"అక్కా, అది అమ్మవారి ముచ్చట. సండాసు ముచ్చటతోని కలుపుతవా?"

"అమ్మవారికి సండాసు అక్కర లేదేమో. నాకున్నది."

నేను ఆపేలోగా వంగింది. సగం నింపిన తట్టను రెండు చేతులతో ఎత్తి తలమీద పెట్టుకుంది. మోకాలు వణకడం అందరికీ కనిపించింది. రెండడుగులు వేసి, కుప్ప మీదుగా తట్టను ఇవతల ఉన్న నాకు అందించింది.

శేట్ ఇంట్లోకి తిరిగి భార్యను కేకేశాడు. సెక్రెటరీ చొక్కా విప్పుతూ కొడుకును కేకేశాడు. వాళ్ల భార్యలు, కొడుకులు వచ్చి ఎవరెత్తాలో తేల్చుకునేలోగా, గడ్డం కుర్రాడు పేకముక్కలు మెట్టు మీద బోర్లించి లేచాడు. నిండు తట్టను ఒక్క ఊపులో తలకెత్తి దిగిపోయాడు. తిరిగొచ్చేసరికి శేట్ ఎదురుగా నిలబడి అతని వీపు తడుతున్నాడు.

"శాబాష్! ఆ ఖోలీ నాదే. బోనం మాదే అక్కా!"

కుర్రాడు వీపు మీది చెయ్యి తీసేశాడు. "ఖోలీ నీది శేట్. నెత్తి నాది."

"భాడాకున్నోళ్లకు బోనమేందిరా? మీ తాన ఎత్తే ఆడది కూడ లేదు."

"మా అమ్మ ఉన్నది. ఊరికెళ్లి పిలిపిస్త." అని అక్క వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవ్వా."

ఇన్నేళ్లలో అద్దెగదుల నుంచి బోనం లేచింది లేదు. ఊరేగింపులో వాళ్లు డప్పు వెనక నడిచేవాళ్లు, కొబ్బరికాయల సంచీ మోసేవాళ్లు. అక్క ఏమంటుందోనని అందరూ చూశారు. ఆమెకు నిలబడే ఓపిక లేక గోడకు ఆనుకుంది.

"ఖోలీల ఎవలు పండుకుంటే ఖోలీ వాళ్లది. పిలిపియ్యి మీ అమ్మను." ఊపిరి తీసుకుని అంది, "మూడో బోనం ఇంక తేలలే."

ఆ తర్వాత జరిగింది నా ఉద్యోగ జీవితంలో ఏ సైటు మీదా చూడలేదు. మూడో స్థానం కోసం శేట్, సెక్రెటరీ కుటుంబాలు తట్టలు లాక్కున్నాయి; ఎవరి తట్ట ముందు లేచిందో ఎవరికీ తేలలేదు. నాలుగో స్థానం కూడా ఊరికే రాదని తెలిసి మిగతా ఇళ్లు దిగాయి. చపాతీల ఆమె పిండి చేతులతోనే వచ్చింది. గడ్డం కుర్రాడి గదివాళ్లంతా వరసకట్టి మెట్ల మీద చేతులు మార్చుకుంటూ అందించారు. కుప్పలో దారి పడగానే మరాఠీ అమ్మాయి అక్క భుజం పట్టుకుని రెండో అంతస్తుకు దింపింది. వరసలో ఉన్నవాళ్లు పక్కకు తప్పుకున్నారు. తిరిగొచ్చాక అక్క గుమ్మంలో కూర్చుని చెంబెడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగింది. మధ్యాహ్నం భోజనాల వేళకు టెంపో వెళ్లిపోయింది. గ్యాలరీ ఊడ్చినట్టుంది.

బ్యాంకు ఆఫీసరు ఫొటోలు తీసుకున్నాడు. కోర్సు చివరి ప్రదర్శన మరునాడే, సోమవారం ఉదయం. ఆ స్లైడుకు అతను పెట్టిన శీర్షిక 'స్టేక్‌హోల్డర్లకు స్థానిక ప్రోత్సాహకాలు' అని తర్వాత తెలిసింది. ప్రొఫెసరు ఆ పద్ధతిని మిగతా ప్రాజెక్టులకూ వాడవచ్చునా అని అడిగారట. వాడవచ్చునని ఇతను ధీమాగా చెప్పాడట. మా జట్టు మంచి మార్కులతో పాసయింది. నా కాగితం నాకొచ్చింది, మా కంపెనీకి క్లయింటు దొరికాడు.

నేను చూసింది ప్రోత్సాహకం కాదు. రెండేళ్లుగా ఎవరూ తెంచలేని తగాదాను ఒక ముసలామె దాహంతో, సగం కోపంతో, తన చేతిలో ఉన్న ఒకే ఒక్క గౌరవాన్ని వేలం వేసి తెంచింది. అది న్యాయమని నేననను. పోచమ్మ వరసను సండాసుకు అమ్మిందని ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు. మీరు నేర్చుకునే పట్టికల మీద నాకు కోపం లేదు. మా పట్టికలో అబద్ధం ఒక్కటీ లేదు. మనుషులకు వాళ్లు ఎంత తక్కువవాళ్లో నిజం రాసి, రంగులు వేసి, గోడకు కట్టి, ఆ తర్వాత వచ్చి తట్ట పట్టమన్నాం. అలా చేస్తే వాళ్లకెలా ఉంటుందో రాయడానికి ఏ గడిలోనూ చోటు లేదు.

మరునాడు ఉదయం ప్రదర్శనకు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాను. అక్క గది ముందు ఆగాను. మేస్త్రీ అప్పటికే ఖాళీ అయిన చోట సిమెంటు కలుపుతున్నాడు. అక్క మంచం మీద కూర్చుని ఉంది. మోకాలు రెండింతలు వాచింది. పాదం నేలకు ఆనించలేకపోతోంది.

"ఇయ్యాల సమాచారం నేనే ఇస్త తమ్మీ," అంది. "అర్జంటు."

నాకొక్కడికి ఆమెను దింపడం చేతకాదు. పాలమూరు కుర్రాళ్లు చీకటితోనే నాకాకు వెళ్లిపోయారు. నా కేక విని ఎదురుగదుల్లోంచి సెక్రెటరీ, శేట్ ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. మూడో బోనం ఇంకా తేలలేదు మరి. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అక్కను కూర్చోబెట్టాం. మెట్ల దగ్గరికి రాగానే కుర్చీ ఆగిపోయింది. ముందు నేను దిగుతానంటే నేనని ఇద్దరూ కుర్చీ ముందుకాళ్లు పట్టుకున్నారు. వెనక నేనొక్కణ్ణే మిగిలాను.

"మండలి సెక్రెటరీని, నేను ముందు."

"నిన్న నా ఇంట్లకెళ్లి ఎక్కువ తట్టలు లేసినయ్, లెక్క చూసుకో."

"అరే, ఎవలో ఒకలు పట్టుండ్రిరా!" అని అరిచింది అక్క. "నాకు ఆగేటట్టు లేదు!"

చివరికి మలుపు దాకా సెక్రెటరీ, ఆ తర్వాత శేట్ ముందు నడిచేట్టు ఒప్పందమైంది. మిగిలినవాడితో పాటు వెనక నుంచి కుర్చీ వీపు పట్టుకుని నేను కూడా దిగాను. జేబులో ఫోను మోగుతూనే ఉంది. బ్యాంకు ఆఫీసరు అయ్యుంటాడు.

మనిషిని కుర్చీలో మెట్ల మీంచి దింపేటప్పుడు బరువంతా ముందు దిగేవాడి మీదే పడుతుంది. వాళ్ల తాతలకు ఆ సంగతి తెలుసు. వీళ్లకు తెలియదు. మలుపు దగ్గర సెక్రెటరీ తడిసిన చొక్కాతో ఆ బరువును ఎంతో గర్వంగా శేట్‌కు అప్పగించాడు. నేను చెప్పలేదు.